కక్కేవాళ్ళకు బండిలో చోటు లేదు

కుక్కపిల్ల ఒక్సిగి మొదటిసారి కక్కింది వేడివేడి టోఫూ పెట్టె మీద. రెండోసారి బున్‌హీ ఒళ్ళో. మూడోసారి సోల్‌జే కనుమలో పెద్ద మలుపు దగ్గర, గేరు రాడ్డు మీద. ఆ తర్వాత లెక్కపెట్టడం మానేసింది బున్‌హీ.

గాంగ్వన్ కొండల్లో దుకాణమంటూ లేని పల్లెలకు దుకాణాన్నే మోసుకుపోయే చిన్న ట్రక్కు ఆమెది. సోయా పాలు విరిచి చేసే టోఫూ పలకలు, గుడ్లు, సోయా మొలకలు, ఉప్పుచేప, రబ్బరు బూట్లు, టార్చి బ్యాటరీలు, దోమల చుట్టలు, ఏది అడిగినా లేదనకూడదు. ముప్ఫై ఏళ్ళు ఆ ట్రక్కు తోలింది ఆమె మొగుడు ఛొల్గు. పక్కన కూర్చుని చిల్లర ఇవ్వడం, మైకులో కేకలు పెట్టడం ఆమె పని. రెండు చలికాలాల కిందట గుడ్ల అట్టలు దించుతూ ఛొల్గు నడుము పట్టేసి అక్కడే కూలబడిపోయాడు. ఆపరేషను చేసిన డాక్టరు ఇక స్టీరింగు ముట్టుకోవద్దన్నాడు. పక్క సీట్లో కూర్చుని వెళ్ళొచ్చు అని కూడా అన్నాడు గానీ, ఆ ముక్క ఛొల్గు చెవికెక్కించుకోలేదు. పెళ్ళాం బండి తోలుతుంటే పక్కన మూటలాగా కూర్చుని ఊళ్ళమ్మట తిరగడమా? చస్తే తిరగడు.

అందుకని బున్‌హీ యాభై దాటాక డ్రైవింగు నేర్చుకుంది. మలుపులంటే భయం పోయింది, మంచు అంటే భయం పోయింది. మాట్లాడే మనిషి లేకపోవడం మాత్రం ఆమెకు అలవాటు కాలేదు. కొండ మీద మబ్బు దిగితే "చూశావా" అనడానికి ఎవరూ ఉండరు. ఖాళీ సీటు వంక చూడకూడదనుకుంటూనే చూసేది. ఆ వేసవిలో సంతలో మిరపకాయలమ్మే ఆవిడ అట్టపెట్టెలో కుక్కపిల్లల్ని పెట్టుకుని కూర్చుంటే, వాటిలో పసుపుపచ్చటిదాన్ని ఎత్తుకొచ్చేసింది. లేత మొక్కజొన్న రంగులో ఉందని ఒక్సిగి అని పేరు పెట్టింది. ఆ కొండల్లో మొక్కజొన్నని అలాగే అంటారు.

ఇంట్లో దానంత హుషారైన జీవం ఇంకొకటి లేదు. చెప్పులు కొరికేది, కోళ్ళను తరిమేది. బండెక్కించి తలుపు వేస్తే చాలు, ఎవరో మంత్రం వేసినట్టు నీరుగారిపోయేది. ముందు ఆవలింతలు, తర్వాత చొంగ, తర్వాత వణుకు. కనుమ ఎక్కేసరికి రాత్రి తిన్నదీ పొద్దున తిన్నదీ బయటికొచ్చేది.

"ఏమే, ఇది కుక్కా, కుళాయా?" అన్నాడు ఛొల్గు ఓ సాయంత్రం, ట్రక్కు కడుగుతున్న పెళ్ళాన్ని గుమ్మంలోంచి చూస్తూ.

"చిన్నపిల్ల కదయ్యా. అలవాటవుతుందిలే."

"అలవాటా? ముప్ఫై ఏళ్ళు తోలాను ఆ ఘాట్ రోడ్డు మీద. ఒక్కనాడైనా నాకు తేన్పు వచ్చిందా? కడుపులో బలం ఉండాలి. కొందరికి పుట్టుకతోనే ఉండదు. పెళ్ళయిన కొత్తలో నువ్వు లేవూ, మలుపుకో సంచి అడిగేదానివి!"

"అడిగితే ఒక్కసారైనా బండి ఆపావా?"

"ఆపితే టోఫూ చల్లారిపోదూ!"

బున్‌హీ చీపురు ఝాడించి అతని కాళ్ళ మీద నీళ్ళు చిలికింది. ఛొల్గు నవ్వలేదు.

"నవ్వులాటకి అనడం లేదు. తినే సరుకు అమ్మే బండి అది. కక్కేవాళ్ళకు అందులో చోటు లేదు. పండక్కి ముందు పెద్దల సమాధుల మీద గడ్డి కొయ్యడానికి మా చిన్నాన్న కొడుకు వస్తాడు కదా, వాడితో పంపించేద్దాం. వాడి యాపిల్ తోటలో హాయిగా తిరుగుతుంది. దానికీ సుఖం, మనకీ సుఖం."

అతను అన్నదీ నిజమే. ఆ పొద్దునే ఒకావిడ టోఫూ వాసన చూసి, ఏమీ అనకుండా మళ్ళీ పెట్టెలో పెట్టేసి వెళ్ళింది. కానీ ఆ రాత్రి ఒక్సిగి తన చెప్పు మీద తల పెట్టుకుని నిద్రపోతుంటే, దీన్ని ఇచ్చెయ్యడం తన వల్ల కాదని బున్‌హీకి తెలిసిపోయింది. ఖాళీ సీటుతో మళ్ళీ ఆ కనుమ ఎక్కే ధైర్యం తనకు లేదు.

మర్నాడే దాన్ని పట్నం తీసుకెళ్ళింది. అక్కడి పశువుల డాక్టరు చిన్న వయసు అమ్మాయి. ఒక్సిగి చెవులు, కడుపు అన్నీ చూసి, జబ్బేమీ లేదంది.

"కుక్కపిల్లలకు ఒంటి నిలకడ ఇంకా కుదరదమ్మా. పెద్దదవుతుంటే చాలావాటికి అదే తగ్గిపోతుంది. ఈలోపు బండంటే భయం పోగొట్టండి. ముందు ఇంజను ఆపేసి ఊరికే కూర్చోబెట్టండి. తర్వాత ఇంజను వేసి. తర్వాత కాస్త దూరం. కుదురుగా ఉంటే మెచ్చుకుని చిన్న ముక్క పెట్టండి. బుట్టలో పెట్టి, కదలకుండా కట్టి, దారి ముందుకు కనపడేలా ఉంచండి. కిటికీ కాస్త తెరవండి. అన్నిటికన్నా ముఖ్యం, దూరం వెళ్ళేముందు మూడు నాలుగు గంటలు తిండి పెట్టొద్దు. నీళ్ళు పట్టండి చాలు."

"ఖాళీ కడుపుతోనా?" బున్‌హీ గొంతు అప్రయత్నంగా పైకి లేచింది. ఎదురుపడ్డవాళ్ళను ముందుగా అన్నం తిన్నారా అని అడిగే నేల అది. దారిన పోయే మనిషిని ఆకలితో పంపితే ఇంటికి అరిష్టమని అత్తగారు చెప్పేది. అయినా డాక్టరమ్మ చెప్పింది కాబట్టి మనసు రాయి చేసుకుంది. ఇంటికొచ్చి ఛొల్గుకీ చెప్పింది. ఛొల్గు "ఊఁ" అన్నాడు. ఆ "ఊఁ"లో ఏముందో ఆవేళ ఆమె పట్టించుకోలేదు.

ఇక రోజూ సాయంత్రం పాఠాలు మొదలయ్యాయి. ఇంజను ఆపేసిన ట్రక్కులో బున్‌హీ, కుక్కపిల్ల పక్కపక్కన కూర్చుని రోడ్డు మీద ఆరబోసిన మిరపకాయల్ని చూస్తూ ఉండేవారు. ఒక్సిగి వణక్కుండా ఉంటే ఉడికించిన కోడిమాంసం పీచు ఒకటి. తర్వాత ఇంజను వేసి. తర్వాత వీధి చివరిదాకా. తర్వాత వంతెన దాకా. వంతెన దాకా వెళ్ళి చుక్క చొంగ కూడా కార్చకుండా తిరిగొచ్చిన సాయంత్రం బున్‌హీ దాన్ని ఎత్తుకుని వాకిట్లో గిరగిరా తిరిగింది. ఛొల్గు తలుపు సందులోంచి చూసి, చూడనట్టు లోపలికి వెళ్ళిపోయాడు.

చిత్రం ఏమిటంటే, సాయంత్రం బంగారంలా ఉండే పిల్ల పొద్దున్నే మళ్ళీ కక్కేది. తెల్లారకముందే బున్‌హీ వెనక కొట్టులోంచి సరుకు ఎక్కించుకునేది. ఛొల్గు వంటింట్లోంచి "చారు తాగి పో" అని కేకేస్తే "టైము లేదయ్యా" అని కేకేసి, బార్లీ నీళ్ళు గుక్కెడు తాగి, పిల్లను బుట్టలో పెట్టుకుని బయల్దేరేది. మొదటి ఊరు సేమ్‌గోల్. అక్కడ అరగంట అమ్మకం. ఊరు దాటి కనుమ ఎక్కగానే ఒక్సిగి పని కానిచ్చేది. ఒట్టి నీళ్ళు కాదు, ముక్కలు ముక్కలుగా వచ్చేది.

దీనికేమీ పెట్టొద్దని ఊరూరా ముందే చెప్పి ఉంచింది బున్‌హీ. అయినా ఎవరో పెడుతున్నారు. సేమ్‌గోల్‌లో ఉన్నదే డజను మంది అవ్వలు. వాళ్ళలో జొమ్నే అవ్వ కంటపడిన ఏ ప్రాణీ ఆకలితో ముందుకు పోలేదని చుట్టుపక్కల ప్రసిద్ధి. పోస్టు తెచ్చే కుర్రాడికే చొక్కా జేబులో ఉడికించిన చిలగడదుంప కుక్కి పంపుతుంది. బున్‌హీకి అనుమానం కాదు, నమ్మకమే కుదిరింది. గడ్డి కోసే రోజు దగ్గర పడుతోంది. ఒకపక్క దిగులు, ఒకపక్క కోపం. ఆ రెండూ కలిస్తే మనిషి నోరు జారడానికి ఎంతసేపు?

మర్నాడు సేమ్‌గోల్ మొదట్లోనే మైకు అందుకుంది.

"టోఫూ వచ్చింది, గుడ్లు వచ్చాయి, మొలకలు వచ్చాయి! కుక్కపిల్ల కూడా వచ్చింది! దానికెవరూ ఏమీ పెట్టొద్దు! పెట్టేదెవరో నాకు తెలుసు!"

గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకునే రకం కాదు సేమ్‌గోల్ అవ్వలు. చేతులు కట్టుకుని వచ్చి ట్రక్కు చుట్టూ నిలబడ్డారు. అందరికన్నా ముందు జొమ్నే అవ్వ. నడుము రెండుగా వంగిన మనిషి, పిల్లల్ని తిప్పే పాత తోపుడు బండిని ఊతంగా తోసుకుంటూ వచ్చింది.

"ఏం కొత్త కోడలా, నీకు ఎవరు తెలుసు?"

బున్‌హీకి అరవై దగ్గరపడుతున్నా సేమ్‌గోల్‌కి ఆమె కొత్త కోడలే.

"అది కాదవ్వా..."

"ఏది కాదు? మైకులో చాటింపేశావు గదా! నాకు పెట్టాలని చెయ్యి పీకిన మాట నిజమే. దుంప ఉడికించి జేబులో కూడా పెట్టుకున్నా. నువ్వు వద్దన్నావని నేనే తిన్నా. దాని మొహం చూస్తూ, పళ్ళు లేని నోటితో నేనే తిన్నా! ఎంత పాపం నాకు!"

"అవునే, నేనూ పెట్టలా. మా ఇంటి ముందుకొచ్చిన జీవాన్ని తోలేసి పంపా. మా అత్త బతికుంటే నన్ను కొట్టేది" అంది వెనకనుంచి ఇంకొకావిడ.

బున్‌హీ ఏదో అనబోయేలోపు, బుట్టలోంచి దించిన ఒక్సిగి నాలుగడుగులు వేసి, అందరి మధ్యా నిలబడి, మెడ చాచి కక్కేసింది. కనుమ ఎక్కకముందే. ఎవరి చేతి తిండీ ముట్టకముందే.

జొమ్నే అవ్వ ఓ పుల్ల తీసుకుని వంగింది. ఆమె సగం వంగే ఉంటుంది కాబట్టి ఎక్కువ కష్టపడలేదు.

"ఇలా రా. చూడు. ఇది చిలగడదుంపా? ముల్లంగి. మరి ఇదేంటి, పసుపుపచ్చగా పీచుపీచుగా? హ్వాంగ్‌తే. మంచులో ఆరేసిన చేప. ఈ ఊళ్ళో పండగా పబ్బమూ కాని రోజు హ్వాంగ్‌తే చారు కాచుకునే మొనగాళ్ళెవరే? ఎవరింటి పొయ్యి మీద ఉడికిందో గాని, మంచి చారు!"

బున్‌హీ ఆ పుల్ల చివరన ఉన్న పీచు వంక చూస్తూ ఉండిపోయింది. అంత సన్నగా చేత్తో చీల్చిన పీచు తనకు తెలుసు. ఇంట్లో కూర్చున్నప్పటినుంచీ ఛొల్గు చీకటితో లేచి, ఆ చేపను నువ్వుల నూనెలో వేయించి, ముల్లంగి వేసి చారు కాస్తాడు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగను సేమ్‌గోల్ అవ్వ పుల్లతో పట్టేసింది.

బున్‌హీ ముఖం మిరపకాయ రంగుకి తిరిగింది. మళ్ళీ మైకు అందుకుంది.

"టోఫూ వచ్చింది, గుడ్లు వచ్చాయి. తప్పంతా నాది. పెట్టింది మా ఇంటాయన. అవ్వలందరూ క్షమించాలి."

అవ్వలు చప్పట్లు కొట్టారు. ఆ రోజు టోఫూ ఒక్క పలక మిగల్లేదు.

సాయంత్రం ఇంటికి రాగానే బున్‌హీ చెప్పులు కూడా విప్పకుండా వంటింటి గుమ్మంలో నిలబడింది.

"పొద్దుటి చారు ఎవరు తాగారు?"

"ఏ చారు?" అన్నాడు ఛొల్గు వెల్లుల్లి వలుస్తూ.

"ముల్లంగి, హ్వాంగ్‌తే."

ఛొల్గు వెల్లుల్లి పక్కన పెట్టాడు. దొరికిపోయిన మనిషి తగ్గి మాట్లాడాలి. ఛొల్గు అంతెత్తున లేచాడు.

"పెట్టాను! అయితే ఏంటి? ఎవరికోసం కాస్తున్నానే ఆ చారు? నాకోసమా? చీకట్లో లేచి, ఈ నడుముతో నిలబడి కాస్తే, నువ్వు టైము లేదని పోతావు. గిన్నెలో పోసింది చల్లారిపోతుంటే చూస్తూ కూర్చోవాలా? ముప్ఫై ఏళ్ళలో నువ్వు నన్ను తిననివ్వకుండా ఒక్కనాడైనా బండెక్కనిచ్చావా? మంచు పడినా, జ్వరమొచ్చినా, అన్నం పెట్టే పంపావు. ఇప్పుడు నా ఇంట్లోంచి ఇద్దరు పోతున్నారు. ఇద్దరూ ఖాళీ కడుపుతోనే! నువ్వు ఎలాగూ వినవు. అది వింటుంది. గిన్నె ముందు పెడితే తోకూపుతూ తింటుంది!"

బున్‌హీ తిట్టాలని దారంతా కూడబెట్టుకొచ్చిన మాటలు ఎక్కడికి పోయాయో తెలియలేదు. ఆ చారు అతను తన మట్టుకు తను వండుకుంటున్నాడనే అనుకుంది ఇన్నాళ్ళూ. ఇంట్లో ఖాళీగా ఉన్న మనిషి, పొద్దుపోక వండుకుంటున్నాడులే అనుకుంది. తలుచుకుంటే సిగ్గేసింది.

"రేపు తిని వెళ్తాను" అంది చివరికి.

"తింటే తిను, లేకపోతే లేదు" అన్నాడు ఛొల్గు, మళ్ళీ వెల్లుల్లి అందుకుని. కానీ మర్నాడు గిన్నె ఎప్పటికన్నా పెద్దది పెట్టాడు. బున్‌హీ కూర్చుని అడుగంటా తాగింది. కింద ఒక్సిగి ఇద్దరి వంకా మార్చి మార్చి చూస్తుంటే, దాని మొహం కనపడకుండా ఛొల్గు గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

ఆ రోజు ఒక్సిగి కనుమ దాటింది. కక్కలేదు. మర్నాడూ కక్కలేదు. బున్‌హీ పరిగెత్తుకొచ్చి చెప్తే ఛొల్గు పెదవి విరిచాడు.

"నువ్వు చెప్తే నేను నమ్మాలా? దాని మీద పిచ్చి నీకు. కక్కినా కడిగేసి చెప్తావు. ఎల్లుండే మావాడు వస్తున్నాడు. మాట మాటే."

"అయితే రేపు నువ్వే వచ్చి నీ కళ్ళతో చూడు."

ఛొల్గు ఇరుక్కుపోయాడు. రానంటే కుక్కపిల్ల గెలిచినట్టు. వస్తే పక్క సీటు. రాత్రంతా అటూ ఇటూ పొర్లి, పొద్దున్నే టోపీ కళ్ళ దాకా లాక్కుని వచ్చి ట్రక్కెక్కాడు. ఎక్కేముందు రెండు గిన్నెల చారు, అన్నం కలుపుకుని తిన్నాడు. చూడటానికి వెళ్ళేవాడు ఖాళీ కడుపుతో పోవాలని డాక్టరమ్మ చెప్పలేదు కదా.

మధ్యలో బుట్ట, బుట్టలో ఒక్సిగి. ఛొల్గు దారి పొడుగునా నోరు ముయ్యలేదు. "గేరు మార్చు. ఇక్కడ హారన్ కొట్టాలి. బ్రేకు అలా తొక్కకూడదే, బండికి నొప్పి." సేమ్‌గోల్ రాగానే సీట్లో కిందికి జారాడు గానీ జొమ్నే అవ్వ చూపు నుంచి తప్పించుకోలేకపోయాడు.

"ఎవరది, చారాయనా? బతికే ఉన్నావా? రెండేళ్ళయింది మొహం చూసి! దిగి రావయ్యా, దుంప తిందువుగాని!"

అవ్వ దగ్గర ఒకటి కాదు, రెండు దుంపలు తినాల్సొచ్చింది ఛొల్గుకి. అక్కడినుంచి కనుమ.

మొదటి మలుపులో ఒక్సిగి మూతి నాక్కుంది. బున్‌హీ వేగం తగ్గించి, కిటికీ ఇంకాస్త దించింది. "ఏం లేదమ్మా, ఏం లేదు. అదిగో చూడు, పైన్ చెట్లు" అంటూ గొణిగింది. రెండో మలుపులో ఒక్సిగి ఆవలించింది. ఇది దాటకపోతే రేపు ఈ బుట్ట ఖాళీ. పెద్ద మలుపు వచ్చింది. ట్రక్కు మూలుగుతూ తిరిగింది. ఒక్సిగి బుట్ట అంచు మీద గడ్డం ఆనించి, దారివంక చూస్తూ, నెమ్మదిగా కళ్ళు మూసుకుంది.

"చూశావా?" అంది బున్‌హీ.

అప్పుడు తట్టింది ఆమెకు, చాలాసేపటినుంచి గేరు గురించి గానీ బ్రేకు గురించి గానీ ఎవరూ ఏమీ అనడం లేదని. తిరిగి చూసింది. ఛొల్గు ముఖం టోఫూలా తెల్లగా ఉంది. నుదుటి మీద చెమట. రెండు చేతులతో తలుపు పిడి పట్టుకుని, కక్కలేక మింగలేక బిగుసుకుపోయి ఉన్నాడు.

"ఆ... ఆపు."

"ఆపితే టోఫూ చల్లారిపోదూ?"

"ఆపవే తల్లీ!"

ఆపింది. ఛొల్గు తలుపు తీసుకుని రెండడుగులు వేశాడో లేదో, చారు, అన్నం, రెండు దుంపలు సోల్‌జే కనుమకు సమర్పించుకున్నాడు. బున్‌హీ వీపు రాస్తూ నిలబడింది. నవ్వకూడదనుకుంది. భుజాలు ఆగలేదు. నవ్వీ నవ్వీ కళ్ళనీళ్ళు వచ్చాయి.

ఛొల్గు రాతి మీద కూలబడి నోరు తుడుచుకున్నాడు.

"ముప్ఫై ఏళ్ళు తోలానే. ఒక్కనాడూ..."

"తోలావు. పక్కన ఎప్పుడు కూర్చున్నావు? తోలేవాడికి ఏ మలుపు వస్తుందో ముందే తెలుసు. పక్కన కూర్చున్నదాన్ని నేను."

అతను కింద లోయవంక చూశాడు. "సంచి అడిగితే ఆపేవాణ్ణి కాదు కదూ నేను" అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "కక్కేవాళ్ళకు చోటు లేదన్నది కూడా నేనే. మావాడు రేపొస్తాడు. నన్ను పంపించెయ్, యాపిల్ తోటకి."

బున్‌హీ నవ్వు ఆగిపోయింది. రాతి మీద అతని పక్కన కూర్చుంది.

"నేను కుక్కపిల్లని ఎందుకు తెచ్చుకున్నాననుకున్నావు? ఆ సీటు ఖాళీగా ఉంటే చూడలేక. రెండేళ్ళు రమ్మని అడగాలనుకున్నా. నీకు నామోషీ అవుతుందని అడగలేదు. ఒక్కదాన్నే తిరగడం నాకేమీ బాగాలేదయ్యా."

ఛొల్గు టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీశాడు.

"మరి ఈ కడుపో?"

"నేర్పుతాను."

మర్నాడు చిన్నాన్న కొడుకు వచ్చి, సమాధుల మీద గడ్డి కోసి, కల్లు తాగి, కుక్కపిల్లేదని అడిగితే ఛొల్గు "అది బండి ఉద్యోగంలో ఉంది, ఇవ్వడం కుదరదు" అని చెప్పి, ఓ గోతాం మొక్కజొన్న పొత్తులు ఇచ్చి పంపాడు.

ఆ సాయంత్రం ఇంటి ముందు ఇంజను ఆపేసిన ట్రక్కులో ముగ్గురూ కూర్చున్నారు. ఛొల్గుకి మధ్యాహ్నం నుంచీ తిండి లేదు. వంతెన దాకా వెళ్ళొచ్చాకే అన్నమంది బున్‌హీ. అతను కడుపు పట్టుకుని సణుగుతూనే ఉన్నాడు. పక్కన బుట్టలో ఒక్సిగి ఎన్నో ఏళ్ళ అనుభవం ఉన్నదానిలా కదలకుండా దారివంక చూస్తోంది. బున్‌హీ దాన్ని మెచ్చుకుని కోడిమాంసం పీచు ఒకటి నోటికి అందించింది.

పక్కనుంచి ఛొల్గు కూడా చెయ్యి చాపాడు. బున్‌హీ ఆ అరచేతిలోనూ ఒక పీచు పెట్టి, ఇంజను వేసింది.